గవదమ్మ మళ్ళీ తుమ్మింది

పొడి నెల, రెండో సోమవారం

వదినా, ఎలా ఉన్నావు? మోకాలు ఈ మధ్య ముడుచుకుంటోందా, ఇంకా గోడ పట్టుకునే నడుస్తున్నావా? కంటి పొర సంగతి వైద్యుడు ఏమన్నాడు? మేకపిల్ల కడుపుబ్బరం తగ్గిందా? మీ ఊరికి పోయిన నెల పట్టిన జలుబు వదిలిందా, గోడలు ఇంకా కారుతూనే ఉన్నాయా? మీ ద్వారం గవద మెత్తగా ఉందా, గట్టిపడిందా? అన్నయ్య దగ్గు ఎలా ఉందని కూడా రాయబోయి ఆగాను. చేతికి అలవాటు. ఏడాది తిరిగింది, అయినా చేతికి ఇంకా తెలియలేదు.

ద్వారం కాపలా ఉన్నవాళ్ళు రోజువారీ సంగతులు రాసి, వారానికోసారి పాకుడు బండిలో అవతలి ఊరి కాపలామనిషికి పంపాలని కట్టుబాటు కదా. చెమ్మగూడెంలో ఆ కాపలామనిషివి నువ్వే కావడం నా అదృష్టం. లేకపోతే రెండో తరగతి చదువుతో ఎవరికి రాయను, ఏమని రాయను? ఇంతకుముందు ద్వారం కాసిన సోంబారమ్మకి చేతులు వణుకుతున్నాయని ఈ పని నాకు అప్పజెప్పారు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. అంతకుముందు మాత్రం ఉండేదా అని మా ఆయన అడుగుతున్నాడు.

ఇక్కడి సంగతులు. మా ఆయన చెవి అలాగే ఉంది. భోజనానికి రమ్మంటే వినిపిస్తుంది, నీళ్ళు తోడమంటే వినిపించదు. కోళ్ళు పొదుగుతున్నాయి. మా ఊపిరిపాలెం మొన్న గట్టిగా ఆవలించింది. వీధిలో అందరి కుండలూ దొర్లాయి, మా పడకింటి గోడకి చెమట పట్టింది. గుడ్డతో తుడిచి, "జ్వరమా తల్లీ" అని గోడని అడిగాను. మా అమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మ రోజుల్లో మట్టి కాల్చి, ఆ ముక్కలు పేర్చి ఇళ్ళు కట్టేవారట. ఆవలించని ఇంట్లో మనుషులు ఎలా పడుకునేవారో నాకు అర్థం కాదు. అది బతికుందో లేదో తెల్లారితే ఎలా తెలుస్తుంది?

గవదమ్మ గురించి రాయాలి. మీ ద్వారానికి గవద ఒక్కటే. మాకు రెండు, అటొకటి ఇటొకటి, మనిషంత ఎత్తున, ఎర్రగా, గుంటలు గుంటలుగా. రెంటినీ కలిపి గవదమ్మ అంటాం. బయటి నుంచి వచ్చిన మనిషిని రెండూ కలిసి నలుపుతాయి, నాకుతాయి. తెలిసినవాడైతే ఒళ్ళంతా జిగురు పూసి లోపలికి తోస్తాయి. ఆ జిగురు మీద బయటి దుమ్ములోని రోగం నిలవదు. తెలియనివాడైతే ఏం చేస్తాయో నేను కళ్ళారా చూడలేదు, చూడకుండానే పోవాలని నా కోరిక. ఇవాళ కుడి గవద కొంచెం ఎక్కువ ఎర్రగా ఉన్నట్టనిపించింది. దీపం తెచ్చి చూశాను. మా ఆయన్ని పిలిచి చూపించాను. దీపమే ఎర్రగా ఉందన్నాడు.

నువ్వు కొరికి పంపిన బెల్లం ముక్క అందింది. ఉప్పు తెచ్చే మీ ఊరి కుర్రాడు గురువులు పంపిన రొట్టె ముక్క పోయిన వారమే అందింది. వచ్చేవాళ్ళు ముందుగా ముక్క పంపడం, మేము వారం పాటు గవదమ్మకి ముద్ద పెట్టడం, ఆ తరవాతే వాళ్ళు రావడం, ఈ మర్యాదలో ఏ లోటూ రానివ్వను. కొత్త బియ్యం, కాచిన నెయ్యి, కడిగిన ఆకు. నా చేతులు రెండేసి సార్లు కడుక్కున్నాకే ముద్ద కలుపుతున్నాను.

నువ్వు వచ్చెయ్యి వదినా. వచ్చి మాతోనే ఉండిపో. అన్నయ్య పోయింది దుమ్ము నెలలో. అన్ని ఊళ్ళ ద్వారాలూ మూసేసి ఉన్నాయి. నీ పక్కన కూర్చుని ఏడవలేకపోయాను. ఆ ఏడుపు నా దగ్గర అలాగే దాచి ఉంచాను.

పొడి నెల, రెండో గురువారం

గవదమ్మ తుమ్మింది.

గురువులు బండి దిగి ద్వారంలోకి వచ్చాడు. గవదమ్మ నలిపింది, నాకింది, ఒక్క క్షణం ఆలోచించింది. నేను లోపలి పక్క నిలబడి, "రా బాబూ, రా" అంటున్నాను. ఊరు పొట్టలోంచి ఒక గాలి లేచింది. నా చీరకొంగు ఎగిరి మొహం మీద పడింది. కొంగు తీసి చూసేసరికి గురువులు ద్వారంలో లేడు. వాడి ఉప్పు మూటల మీద వెల్లకిలా ఉన్నాడు.

"ఓలప్పా, ఏటిది! నానేటి దొంగోడినా? ఉప్పు తెచ్చినాను కదేటి!"

"దెబ్బ తగిలిందా బాబూ?"

"దెబ్బ సరే, నా తలపాగా ఏదీ?"

తలపాగా ఎడమ గవద గుంటలో ఇరుక్కుంది. నేను లాగాను, గవదమ్మ ఇవ్వలేదు.

"ఇంకోపాలి రా నాయనా, ఇదొక్కపాలికి ఏదో పొరపాటు," అన్నాను.

వాడు పాపం మళ్ళీ వచ్చాడు. ఈసారి ద్వారం దాకా కూడా రానివ్వలేదు.

"మీ ఊరికి నా మొకం నచ్చనేదే సూరీడమ్మా," అని అరిచాడు. "మా ఇంటిదానిక్కూడా ఇంతలాగ నచ్చకుండా పోనేదు!"

ఉప్పు మాత్రం ద్వారం పక్కన సంచులు తోసే చిన్న కన్నంలోంచి తీసుకున్నాం. వాడు బయట బండ్ల చావడిలో దిగాడు. అక్కడ గాలి ఆడుతుందో లేదో, తిన్నాడో లేదో. కన్నంలోంచి గంజి పంపాను. మా మీద కోపంతో ఉప్పు వేసుకోకుండా తాగాడట.

పొడి నెల, మూడో మంగళవారం

వాపు. రెండు గవదలూ ఉబ్బి, మధ్యలో మనిషి పక్కగా తిరిగితే తప్ప దూరలేనంత సందు మిగిలింది. పొద్దున నుంచి "నొప్పా తల్లీ, ఎక్కడమ్మా" అని అడుగుతూనే ఉన్నాను. అడిగినప్పుడల్లా గుర్రు గుర్రుమంటోంది. కొత్త విత్తనాలు తెచ్చిన మనిషిని కూడా నిన్న తుమ్మేసింది. అతను మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. అది నాకు ఇంకా సిగ్గుగా ఉంది.

ఊరి పెద్ద సన్యాసినాయుడు వచ్చాడు. డాక్టరమ్మ విజయగౌరి వచ్చింది. ఈ పిల్ల మా వీధి పిల్లే, నన్ను అత్తా అంటుంది. ఊరి ఒంటికీ ఊరి మనుషుల ఒంటికీ ఆమే వైద్యం. గవద మీద చెయ్యి వేసి, "శ్లేష్మపు పొరలకి కాపలా కాసే లింఫు కణజాలం" అని ఏదో చెప్పింది. నా నోటికి తిరగలేదు, ఆమె చెప్పగా రాశాను.

"కోయించేద్దాం," అన్నాడు నాయుడు. "దీని బాబులాంటి ఇనప తలుపు నాకాడుంది. తుమ్మదు, వాయదు, ముద్ద అడగదు."

"మనిషికైతే టాన్సిల్స్ తీసేసినా మిగతా ఒళ్ళు సర్దుకుంటాది నాయుడుగారూ," అంది విజయగౌరి. "ఊరికున్న ద్వారం ఇదొక్కటే. ఇనప తలుపుకి ఎవురు మనోడో ఎవురు పైవోడో ఏటి తెలుస్తాది? దానికి అందరూ పైవోళ్ళే. ఇంక సంచులు లోపలికొస్తాయి గానీ మనుషులు రారు."

"మనుషులొచ్చి ఏటి ఉద్ధరించినారు?"

నేను అక్కడే ఉన్నాను వదినా. మనుషులు రారు అంటే నువ్వు రావు. ఎప్పటికీ రావు. పెద్దవాళ్ళ మాటల్లో నాకేం పని అని ఎప్పుడూ అనుకునేదాన్ని, ఇవాళ కొంగు నోట్లోంచి తీసి అడిగాను.

"నాయుడుబాబూ, కొంచెం గడువియ్యి. వాపు నాను తగ్గిస్తాను."

"నువ్వా? నీకు నీ భయమే తగ్గదు కదే!"

అందరూ నవ్వారు. మా ఆయన మరీ నవ్వాడు. చివరికి విజయగౌరే గట్టిగా పట్టుబట్టి, తేమ నెల పున్నమి దాకా గడువు ఇప్పించింది. అప్పటికి బయటి మనిషి ఒక్కడైనా తుమ్ము లేకుండా లోపలికి రావాలి. లేకపోతే కోత.

పొడి నెల, ఆఖరి శనివారం

నేను చెయ్యగలిగిందంతా చేస్తున్నాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వేడి ఉప్పునీళ్ళతో గవదమ్మని కడుగుతున్నాను. గుంటల్లో వేలు పెట్టి పసుపు రాస్తున్నాను. జిగురు కనిపిస్తే చాలు, గుడ్డతో తుడిచేస్తున్నాను. నేల మీద నీడ పడినా తుడుస్తున్నానని మా ఆయన అంటాడు. ముద్దలో నెయ్యి పెంచాను. ఎరుపు తగ్గలేదు సరికదా, పచ్చిపుండులా మెరుస్తోంది.

ఇవాళ ఇంకా ఘోరం. గవదమ్మ మా ఆయన్నే తుమ్మేసింది.

చావడిలో చాపలు దులిపి వస్తానని వెళ్ళాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఈ ఊరివాడు. ఈ ద్వారంలోంచి ఎన్నిసార్లు వెళ్ళి వచ్చి ఉంటాడు! సందులో పక్కగా దూరి వస్తుంటే, గవదమ్మ ఆయన మూతి దగ్గర ఒకసారి నాకి, ఎత్తి అవతల పడేసింది. సొంత మనిషినే గుర్తుపట్టని రోగం వచ్చిందంటే ఇక కోతేగా!

"ఏమయ్యా, బతికున్నావా?"

"బతికే ఉన్నానే."

"ఏటి సేసినావు? ఏటి తొక్కినావు? ఏటి ముట్టుకున్నావు?"

"ఏటీ నేదు."

"ఏటీ నేకపోతే మూతి కాడ ఎందుకు నాకినాది?"

ద్వారం సందులోంచి చూస్తే అవతల ఆయన నీడ పక్కకి జరిగింది. వెనకాల గురువులు గొంతు వినిపించింది, నవ్వు ఆపుకోలేక ఇకిలిస్తున్నాడు.

"సెప్పీయి మావా, సెప్పీయి. ఎలాగూ పట్టీసినాది."

చెమ్మగూడెం పొగాకు! మీ ఊరి పొగాకే వదినా! దవడలో పెట్టుకుని గురువులుతో కూర్చుని నములుతున్నాడు. మానేశానని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పి ఎన్నేళ్ళయింది! నేను నోరు తెరవమంటే తెరిచి చూపించేవాడు. నాలిక కింద దాచేవాడన్నమాట. నాకు దొరకనిది గవదమ్మకి దొరికింది.

"పుక్కిలించు," అన్నాను. "పదిమాట్లు పుక్కిలించు. ఆ తరవాత రా."

పుక్కిలించి, మొహం కడుక్కుని, మీసాలు కూడా కడుక్కుని వచ్చాడు. గవదమ్మ గొణుక్కుంటూ లోపలికి వదిలింది. నేను వదలలేదు. రాత్రి అన్నం పెట్టాను గానీ మాట్లాడలేదు. ఆయనకి అది హాయిగానే ఉన్నట్టుంది.

ఒక్క విషయం మాత్రం నా బుర్రలో తిరుగుతోంది. మా ఆయన్ని తుమ్మలేదు గవదమ్మ, మీ ఊరి వాసనని తుమ్మింది. గురువులు మీ ఊరివాడే. నువ్వూ మీ ఊరిదానివే.

తేమ నెల, మొదటి ఆదివారం

ఈ రోజు రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను. నీకు ఎలాగూ తెలుస్తుంది.

పొద్దున విజయగౌరి గవదమ్మ గుంటలు చూడటానికి వచ్చింది. అప్పుడే నేను ముద్ద పెడుతున్నాను.

"అత్తా, అదేటి?"

"ముద్ద. మా వదినది. దాని పేరున పెడతన్నాను."

"పేరున సరే. ఆవిడ కొరికిన ముక్క ఇందులో ఏదీ?"

నేను ఆకు సర్దాను.

"అత్తా. బెల్లం ముక్క వొచ్చినాదని నువ్వే సెప్పినావు. ఏదీ?"

"పెరట్లో గోతిలో ఎట్టీసినాను," అన్నాను. "ఎంగిలి కదమ్మా."

విజయగౌరి నా వైపు అలాగే చూసింది.

"ఎంగిలి కాబట్టే కదత్తా పంపినారు!"

"పంపడం ఆళ్ళ మర్యాద. పెట్టకపోడం మన మర్యాద," అన్నాను. "సోంబారమ్మ సెప్పినాది, కాదనను. కొరికిన ముక్కే ఎయ్యాలన్నాది. అది ఎలాగ పెరిగిందో నాకు తెలీదు, నాను అలాగ పెరగనేదు. ఊరికి పెద్దముత్తయిదువ గవదమ్మ. ఆయమ్మకి ఎవుడో కొరికి ఒగ్గీసిన రొట్టె పెడతానా? నువ్వు నాకు నీ ఎంగిలి పెడతావా?"

"మరి గురువులు ముక్క?"

"గోతిలో."

"ఇత్తనాలాయనది?"

"అదీని."

పిల్ల కాళ్ళు ముడుచుకుని నేల మీద కూలబడిపోయింది. కళ్ళు తిరిగాయేమోనని మొహాన నీళ్ళు కొట్టాను. తీరా చూస్తే నవ్వుతోంది. నీళ్ళు కారుతున్న మొహంతో, కడుపు పట్టుకుని.

"అయితే అత్తా, ఇప్పుడు మీ పెరటి గోతికి అన్ని ఊళ్ళ మనుషులూ తెలుసు. గవదమ్మకే ఒక్కడూ తెలీదు!"

నాకు నవ్వు రాలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. నాకు అర్థమైనంత రాస్తున్నాను. నేను పెడుతున్నది మన బియ్యం, మన నెయ్యి, మన నీళ్ళు. అవి గవదమ్మకి ఎప్పుడో తెలుసు. అవతలి మనిషి నోటి తడి కావాలి. కొంచెం కొంచెంగా, రోజూ, తిండితో పాటు ఆ తడి తగిలితే, వీడు మనతో కలిసి తినేవాడు అని అది నేర్చుకుంటుంది. అలా తినకుండా ఒక్కసారిగా ద్వారంలో ఎదురైతే దొంగ అనుకుంటుంది.

"మింగిన ముద్ద పేగు వీధిలోకి ఎల్లిపోతాది కదమ్మా. ఇక్కడి ద్వారానికి ఎలాగ తెలుస్తాది?"

"పేగు వీధి గోడల్లో బిళ్ళలు బిళ్ళలుగా ఉంటాయి సూడు, అవన్నీ గవదమ్మ సెల్లెళ్ళే. అక్కడ రుసి సూసి నెత్తురుతో కబురెడతాయి. కుళాయి కాడ ఒకర్తితో ఒక మాటంటే, నువ్వు బిందె దింపేలోగా ఊరంతా తెలీదేటి?"

అది మాత్రం బాగా అర్థమైంది.

ఇంకొకటి కూడా చెప్పింది, అది వింటే నా చేతులు నాకే పరాయివనిపించాయి. నేను కడిగి కడిగి, తుడిచి తుడిచి, గవదమ్మకి ఉన్న జిగురంతా ఊడ్చేశాను. ఒంటి మీద బట్ట లేని మనిషిలా అయిపోయి ప్రతి గాలికీ ఉలిక్కిపడుతోందట.

"ఉప్పునీళ్ళొద్దు, పసుపొద్దు, గుడ్డొద్దు."

"మరి నానేటి సెయ్యాల?"

"కూసో."

ఇంతకంటే కష్టమైన మందు ఏ డాక్టరూ ఎవరికీ రాసి ఉండడు.

పున్నమికి ఇంకెంతో లేదు. ముక్కలన్నీ గోతిలో కలిసిపోయాయి. చావడిలో ఉన్న గురువులు దగ్గరికి కన్నంలోంచి అడగడానికి వెళ్ళాను. ఎలా అడగాలో తెలియక, ముందు గంజి తాగావా, చాప మెత్తగా ఉందా అని అన్నీ అయ్యాక అడిగాను.

"నా ఎంగిలా? ఎందుకు? సేతబడి సేయిస్తావేటి?"

"నీ మీద సేతబడి సేయించి నాను బాగుపడేదేటి ఉంది? ఒక రొట్టి కొరికియ్యి బాబూ."

"పొగాకు నోరు. పరవానేదా?"

పొగాకు నోటి ఎంగిలి, గవదమ్మకి, నా చేత్తో. విజయగౌరి వెనక నుంచి నా భుజం నొక్కింది.

"మరీ మంచిది," అంది. "పొగాకు కూడా తెలుసుకుంటాది."

తేమ నెల, మొదటి సోమవారం

ఇవాళ ఊళ్ళ మధ్య పలుకుతీగ మీద మనం మాట్లాడుకున్నది నీకు తెలుసు. అయినా రాసి పెట్టుకుంటున్నాను. నువ్వు రాయవు, నాకు కావాలి.

"ఓలె మరదలా, ఈ వారం కబుర్లేటి ఇంత ఆలస్యం? నీకేటైనా అయిపోనాదా?" అన్నావు.

"నాకేటీ కానేదు. వదినా, ఇంకో ముక్క కొరికి పంపు."

"మొన్న పంపిన బెల్లం ఏటైనాది?"

గోతి సంగతి చెప్పాను. తీగలో గాలి శబ్దం తప్ప ఏమీ లేదు. తీగ తెగిందేమోనని భయపడి ఊదాను.

"ఊదకు, ఉన్నాను," అన్నావు. "నా ఎంగిలి నీకంత రోతైపోనాదేటే? సిన్నప్పుడు ఒక్క జాంకాయి నువ్వొక పక్క నానొక పక్క కొరుక్కున్నాం కదే. అప్పుడెల్లిపోనాదా నీ మర్యాద?"

"నీది నాకు రోతేటి వదినా, గవదమ్మకి కదా..."

"మరి మా గవదకి నాను ఇన్నేళ్ళ బట్టి నీ ఎంగిలే పెడతన్నాను, అది నీకు తెలుసా?"

మీ ఊరు వచ్చినప్పుడు తప్ప నేను ఎప్పుడూ ముక్క పంపలేదు. రావాలంటే కదా పంపడం. పాకుడు బండి ఎక్కితే నాకు ప్రాణం పోతుంది, ఒక్కసారి వచ్చాను, అంతే. అదే అన్నాను.

"అప్పుడే," అన్నావు. "బండి ఎల్లిపోతాదని కంగారు పడిపోయి, సగం కొరికిన అరిసె పళ్ళెంలో ఒగ్గీసి పరిగెట్టినావు. మీ అన్నయ్య ఒకటే నవ్వు. దాన్నెండబెట్టి దాసినాను. నెలకోపాలి గోరుతో గీరి మా గవదకి పెడతన్నాను. నువ్వొచ్చే రోజుకి మా ద్వారం నిన్ను మర్సిపోకూడదని."

నేను తీగని రెండు చేతులా పట్టుకున్నాను.

"మీ అన్నయ్య పోయిన రోజున కూడా పెట్టినాను. ద్వారాలు మూసీసినారు, నువ్వు రాలేవు, తెలుసు. అయినా పెట్టినాను."

దాచి ఉంచిన ఏడుపంతా అక్కడే, పలుకుతీగ పట్టుకుని, నిలబడే ఏడ్చేశాను. నువ్వు అక్కడ, నేను ఇక్కడ. మా ఆయన వచ్చి, తీగ తడిస్తే పనిచెయ్యదని చెప్పి, తన తువ్వాలు ఇచ్చి వెళ్ళాడు.

చివర్లో నువ్వన్న మాట కూడా రాస్తున్నాను. "అరిసె అయిపోవొచ్చినాది. గోరంత మిగిలినాది."

తేమ నెల, రెండో మంగళవారం

కూర్చుంటున్నాను. చేతులు ఊరుకోక చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఊరి చిక్కుడుకాయలన్నీ నా దగ్గరికే తెస్తున్నారు.

రోజూ గురువులు రొట్టె ముక్క వేళ్ళ చివర పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, "తప్పు కాయి తల్లీ" అని గవదమ్మకి పెడుతున్నాను. మొదటి రోజు మూతి ముడుచుకుంది. రెండో రోజు తీసుకుంది. నిన్న నేను చెయ్యి తీసేలోగా వేళ్ళు నాకింది. నువ్వు పంపిన కొత్త బెల్లం ముక్క కూడా మొదలుపెట్టాను. అది పెట్టేటప్పుడు మొహం తిప్పుకోలేదు. దాని రుచి ఎలా ఉందో గవదమ్మని అడిగాను కూడా. గోడలకి జిగురు మళ్ళీ పడుతోంది. తుడవాలని చెయ్యి లాగుతోంది. చిక్కుడుకాయలు.

తేమ నెల, పున్నమి

ఊరంతా ద్వారం దగ్గరే ఉంది. నాయుడు ఇనప తలుపు బండి మీద వేయించి తెచ్చాడు. కోసే కత్తి కూడా తెచ్చారు, దాని మీద ఎవరో గోనె కప్పారు, నేను చూస్తే పడిపోతానని. చూశాను. పడిపోలేదు.

గవదమ్మ వాపు సగానికి పైగా తగ్గింది. కానీ నాకు నమ్మకం లేదు. నాకు దేని మీదా నమ్మకం ఉండదు, నీకు తెలుసు కదా.

గురువులు అవతల నిలబడి అరిచాడు. "రమ్మంటావేటి సూరీడమ్మా? ఈపాలి మూటల మీద మెత్తగా గడ్డి పరిసినాను!"

"రా బాబూ."

వచ్చాడు. గవదలు రెండూ దగ్గరికి జరిగాయి. నలిపాయి. నాకాయి. మూతి దగ్గర ఆగాయి. ఊరు పొట్టలోంచి గాలి లేచింది. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఎంతసేపటికీ తుమ్ము వినపడలేదు. కొంగు తీశాను.

ఆవలింత! గవదమ్మ తీరిగ్గా ఆవలించి, తల నుంచి కాళ్ళ దాకా జిగురు పూసి, గురువుల్ని నా ఒళ్ళోకి తోసింది. ఇద్దరం కింద పడ్డాం. ఆ వెంటనే, ఏదో గుర్తొచ్చినట్టు, ఎడమ గవద వాడి తలపాగా కూడా బయటికి ఉమ్మింది.

"ఉతికిచ్చినాది," అన్నాడు గురువులు, దాన్ని పిండుతూ.

నాయుడు ఇనప తలుపు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. తరవాత నా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగాడు. "మా సెల్లెలు గట్టుపేటలో ఉంది. ఆళ్ళ ఊరిది ఇనప తలుపు. అది మన ఊరు రావాలంటే... ఏటి కొరికి పంపాల?" ఇంతకాలం మనుషులొచ్చి ఏం ఉద్ధరించారని అడిగినవాడు! నేను ఏమీ దెప్పలేదు. రొట్టె అయితే మంచిదని చెప్పాను. ఇనప తలుపు మా కోళ్ళ గూటికి అడిగి తీసుకున్నాను.

తేమ నెల, మూడో శనివారం

వదినా, ఇవాళ మీ ఊరి బండివాడు వచ్చి నిజం చెప్పేశాడు. నీ మోకాలికి పాకుడు బండి మెట్టు అందదట. రెండుసార్లు ప్రయత్నించి, ఎక్కలేక, ఎవరికీ చెప్పొద్దని అతని చేత ఒట్టు వేయించుకున్నావట. అతని ఒట్టు మా ఆయన పొగాకు ఒట్టులాంటిదే అనుకో. "వచ్చే వారం వస్తాను, వచ్చే వారం వస్తాను" అని నాకు చెబుతూ, అక్కడ గోడ పట్టుకుని కూర్చున్నావన్నమాట.

రాత్రి మా ఆయనతో అన్నాను, నేనే వెళ్ళి తీసుకొస్తానని. ఆయన చెవి ఈసారి ఒక్కమాటకే పనిచేసింది.

"నువ్వా? బండెక్కుతావా?"

"ఎక్కుతాను."

"దారిలో దుమ్ము లెగిస్తే?"

"లెగిస్తే లెగుస్తాది."

"బండి బోల్తా కొడితే?"

"అవన్నీ నాను అనుకోవల్సినవి, నువ్వెందుకు అంటన్నావు?"

ఆయన తల గోక్కుని, నేను లేనప్పుడు గవదమ్మకి నీ ముక్క తనే పెడతానన్నాడు. తినేస్తాడని భయంగా ఉంది. విజయగౌరి చూసుకుంటానంది. కోళ్ళని సోంబారమ్మ చూస్తుంది. పొయ్యి ఆర్పడం గుర్తుంచుకోమని గోడ మీద బొగ్గుతో రాశాను. ఊరు చిరాగ్గా ఒళ్ళు విదిలించుకుంది, చెరిపేసి చెక్క మీద రాశాను. కడుపులో తిప్పకుండా నిమ్మతొక్క మూట కట్టుకున్నాను. ఇంకో మూట నీకు, వచ్చేటప్పుడు. బండి మెట్టు మీద నిన్ను నేను వెనక నుంచి తోస్తాను, గురువులు ముందు నుంచి లాగుతాడు. మేమిద్దరం నీకు రెండు గవదలం, అంతే కదా.

ఇందులోనే ఆకులో చుట్టి ఒక బూరె పంపుతున్నాను. ఒక పక్క కొరికాను. కొరికేటప్పుడు సిగ్గేసి గోడ వైపు తిరిగాను. గోరంత అరిసెని ఇక గీరకు, ఉంచేసుకో. ఈ బూరె రోజూ కాస్త మీ గవదకి పెట్టు. నీకు ఆకలేస్తే అవతలి పక్క నువ్వు కొరుక్కో.

తేమ నెల ఆఖరి గురువారం, పొద్దున బండికి వస్తున్నాను.